ప్రామాణిక ముంపు

మా కేంద్రం పూర్తి పేరు ‘క్షేత్ర జల నిష్కాసన యంత్ర పరిశోధనా కేంద్రం’. చేలలో నిలిచిపోయిన నీటిని బయటికి పంపే కొత్త యంత్రాలు కనిపెట్టడం దాని పని. ముంపు ప్రాంతంలో కడితే ఆఫీసు మునిగిపోతుందని జిల్లా అంతా గాలించి, ఎంత వాన కురిసినా చుక్క నిలవని ఎర్రమట్టి మెరక మీద కట్టారు. శంకుస్థాపన జరిగిన నాటినుంచి మా ఆవరణలో నీరు నిలిచిన దాఖలా లేదు. ఈ సంగతిని ఏటేటా వార్షిక నివేదికలో ‘సాధించిన విజయాలు’ అనే శీర్షిక కింద మొదటి అంశంగా రాసేవారు. రాసేవారు అంటున్నాను గాని, రాసింది నేనే.

నేనక్కడ సూపరింటెండెంటుని. ఫైళ్ళు నావే, స్టోరు తాళాలు నావే. ప్రతి యంత్రానికీ తెలుగు పేరు ఉండి తీరాలని పై నుంచి ఉత్తర్వు వచ్చాక పేర్లు పెట్టే పని కూడా నా నెత్తిన పడింది. ఇంటర్మీడియట్‌లో నాకు తెలుగులో మంచి మార్కులు వచ్చాయని డైరెక్టరు గారికి ఎవరో చెప్పారట. ఆ అర్హతతోనే, ఆరేళ్ళుగా మా షెడ్డులో తయారవుతున్న మహాయంత్రానికి నేను ‘నిష్కాసిని’ అని నామకరణం చేశాను. బయటికి గెంటేది అని అర్థం. డైరెక్టరు డాక్టర్ చిదానందం గారు ఆ పేరు విని కాసేపు కళ్ళు మూసుకుని, "అర్థం కావడం లేదు గాని గంభీరంగా ఉంది" అన్నారు. మా కేంద్రంలో ఒక మాటకు అంతకు మించిన మెప్పు లేదు.

నిష్కాసినికి నాలుగు ఇనుప చక్రాలు, ఒళ్ళంతా గొట్టాలు, నడినెత్తిన సౌర ఫలకం, నీరెక్కడుందో పసిగట్టడానికి పన్నెండు సెన్సార్లు. అన్నిటినీ మించి దానికి ఒక గొంతు ఉంది. అది తెలుగులో మాట్లాడుతుంది. ఆ మాటలు కూడా నేనే రాసిచ్చాను. దాన్ని రూపొందించిన ఇంజనీరు సౌమిత్రికి ముప్పై దాటలేదు. తెలివైనవాడు, నిజాయితీపరుడు. కంప్యూటరు తెర మీద ఎన్నో చేలను ముంచి, ఎన్నో చేలను తేల్చాడు. తడిసిన చేలో మాత్రం ఎప్పుడూ కాలు పెట్టలేదు.

మొదటి పరీక్ష మా షెడ్డులోనే, సిమెంటు గచ్చు మీద జరిగింది. నిష్కాసిని అరగంటసేపు గిర్రున తిరిగింది. అది ఆగాక ముగ్గురు సభ్యుల కమిటీ గచ్చంతా వంగి వంగి చూసి, ఎక్కడా నీరు లేదని ధ్రువీకరించింది. నూటికి నూరు పాళ్ళు విజయం.

"ముందు కూడా లేదు కదండీ" అన్నాను నేను.

డైరెక్టరు గారు నావైపు జాలిగా చూసి, "ఫలితం చూడవయ్యా" అన్నారు. ఆ మాట కూడా మినిట్స్‌లో రాసుకున్నాను.

రెండో పరీక్ష నిజమైన చేలో జరగాలి. అక్కడ మా నియమావళిలోని పద్నాలుగో నిబంధన అడ్డం వచ్చింది. ‘పరీక్షా క్షేత్రమునందు ముప్పై సెంటీమీటర్లకు తగ్గని నిలవ నీరు వరుసగా పది దినములు చెక్కుచెదరక ఉండవలెను.’ అంతకంటే తక్కువ నీరు తీసేస్తే యంత్రం గొప్పా, ఎండ గొప్పా అనే అనుమానం వస్తుందట. ఈ ముప్పై సెంటీమీటర్ల పది రోజుల నీటికి ‘ప్రామాణిక ముంపు’ అని పేరు పెట్టాను. ఆ పేరు పెట్టిన రోజు నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ ఏడు శ్రావణంలో వాయుగుండం పట్టి మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున తెరిపి ఇవ్వగానే డైరెక్టరు గారు, నేను, సౌమిత్రి జీపులో ముంపు వెతుక్కుంటూ బయలుదేరాం. పది కిలోమీటర్లు దిగువకు వెళ్ళేసరికి మొగలిపల్లం అనే ఊరు వచ్చింది. ఊరికి పక్కనే మురుగునీరు పారే కోడు, కోడుకు ఆనుకుని చేలు. అన్నిటికంటే పల్లంలో ఉన్న రెండెకరాలలో నీరు అద్దంలా నిలిచి ఉంది. ఇరవై రోజుల కిందట నాటిన వరి కొసలు మాత్రం పైకి కనబడుతున్నాయి. గట్టు మీద యాభై ఏళ్ళు పైబడిన ఒకావిడ చీర పైకి దోపుకుని, పార ఎత్తి నిలబడి ఉంది. ఆవిడ పేరు దొమ్మేటి పల్లాలమ్మ. ఆ రెండెకరాలే ఆవిడ బతుకు.

"ఆగమ్మా" అన్నారు డైరెక్టరు గారు జీపులోంచే. "ఏం చేస్తున్నావు?"

"గండి కొడతన్నానండి" అంది పల్లాలమ్మ పార దించకుండానే. "కోడులో నీరు లాగేసిందండి. ఇక్కడ జానెడు తెంపేనంటే మాపటేలకి చేను బయట పడిపోద్దండి."

డైరెక్టరు గారు సౌమిత్రి వైపు తిరిగారు. "చూశావా? కొలత లేదు, నమోదు లేదు, నివేదిక లేదు. ఇంత అశాస్త్రీయంగా నీరు తీసేస్తుంటే ఈ దేశంలో పరిశోధన ఎలా బతుకుతుంది?"

జీపు దిగి టేపు పెట్టి కొలిచారు. ముప్పై ఒకటి వచ్చింది. డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. పేరు అడిగి ఫైలు తిరగేస్తే అందులో పల్లాలమ్మ సంతకం దొరికింది. ఎండాకాలంలో మేము పెట్టిన రైతు సదస్సులో అందరికీ పచ్చ టోపీలు పంచి, ఒక్కొక్కరి చేత ఒక్కో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాం. ‘నా భూమిలో ప్రయోగములకు పూర్తిగా సమ్మతించుచున్నాను’ అని ఆ కాగితంలో ఉంది.

"అది టోపీ ఇచ్చినట్టు సంతకం అన్నారండి" అంది పల్లాలమ్మ.

"టోపీతోపాటు బాధ్యత కూడా ఇచ్చామమ్మా. ఇక నీ చేను మామూలు చేను కాదు. ప్రామాణిక ముంపు క్షేత్రం. పది రోజులు ఇందులో నీరు కదలకూడదు. ఆ తరవాత మా యంత్రం వచ్చి తీసేస్తుంది."

"పది రోజులాండి?" పల్లాలమ్మ పార కింద ఆనించింది. "ఈ ఈడు పైరు ఆరేడు రోజులు ఊపిరి బిగబట్టుకుని ఉంటాదండి. ఆ పైన మొదలు కుళ్ళిపోద్దండి. పదో రోజుకి మీరు నీరు తీసినా కింద ఏటీ ఉండదండి."

"పైరు సంగతి వ్యవసాయ శాఖది. మాది నీటి సంగతి" అన్నారు డైరెక్టరు గారు. శాఖల మధ్య సమన్వయం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

సాయంత్రానికి గట్టు మీద బోర్డు లేచింది. ‘ప్రామాణిక ముంపు క్షేత్రం. నీరు తీయుట నిషేధము.’ కుర్చీ, గొడుగు ఇచ్చి మా అటెండరును అక్కడ కూర్చోబెట్టారు. గంటకోసారి మట్టం కొలిచి పుస్తకంలో రాయడం, పారతో వచ్చేవాళ్ళను వెనక్కి పంపడం అతని పని. చుట్టుపక్కల చేలవాళ్ళంతా ఆ పూటే గట్లు తెంపుకున్నారు. వాళ్ళ పైరు మర్నాటికి తేరుకుని పచ్చగా నిలబడింది. మధ్యలో పల్లాలమ్మ చేను ఒక్కటే ప్రభుత్వ రక్షణలో మునిగి ఉంది.

బోర్డు లేచిన మూడో రోజున ఆవిడ పది కిలోమీటర్లు నడిచి మా ఆఫీసుకొచ్చింది. చేతిలో ఒక వరి దుబ్బు ఉంది. ఆకులు పాలిపోయాయి గాని వేరు ఇంకా తెల్లగానే ఉంది. దాన్ని నా బల్ల మీద పెట్టి, "ఇయ్యాల తీసేత్తే బతికేద్దండి. అర్జీ రాసిపెట్టండి బాబూ. గండి కొట్టుకోనిమ్మని రాయండి" అంది.

నేను పుట్టింది వ్యవసాయం చేసే ఇంట్లోనే. ఆ వేరు చూడగానే ఆవిడ చెప్పేది నిజమని నాకు తెలుసు. లేచి డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి, ఇది చూడండి అని ఆ దుబ్బు ఆయన ముందు పెట్టి ఉండవచ్చు. పెట్టలేదు. అర్జీ రాశాను. ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ పైన ‘విషయం’ అని గీత కొట్టి, ‘చేను గట్టుకు గండి, తక్షణ చర్య కోరుట గురించి’ అని రాశాను. చూసుకుంటే ముచ్చటేసింది. పల్లాలమ్మ చేత సంతకం పెట్టించి పంపాను.

గట్టు వ్యవహారం తమది కాదని డైరెక్టరు గారు ఆ అర్జీని డ్రైనేజీ శాఖకు పంపారు. ఆ ఆఫీసులో దేనికీ ఎవరూ తల ఎత్తరు గాని, ‘గండి’ అనే మాట చెవిన పడితే మాత్రం కుర్చీలు వెనక్కి పడిపోతాయి. వాళ్ళ రికార్డుల్లో గండి అంటే కాలువ తెగి ఊళ్ళు కొట్టుకుపోవడం. మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకల్లా మూడు ట్రాక్టర్ల ఇసుక బస్తాలతో అసిస్టెంటు ఇంజనీరు ఏకాంబరం గారు మొగలిపల్లంలో దిగారు. కబురు విని నేనూ పరుగెత్తాను.

"గండి ఎక్కడ?" అన్నారు ఏకాంబరం గారు.

"ఇంకా కొట్టలేదండి" అంది పల్లాలమ్మ ఆశగా. "ఇక్కడ కొడదామనుకున్నానండి. ఈ చోట గట్టు పలచగా ఉందండి. ఇప్పటికే చెమ్మ కారతందండి."

"అంటే పడబోయే గండి. మరీ ప్రమాదం" అన్నారాయన. సరిగ్గా ఆవిడ చూపించిన చోట రెండు వరసల్లో మూడు వందల బస్తాలు పేర్చారు. అప్పటిదాకా కాస్తో కూస్తో కారుతున్న చెమ్మ కూడా ఆగిపోయింది. ఏకాంబరం గారు బస్తాల మీద కాలు పెట్టి ఫోటో దిగి, "గండి పడక ముందే గండి పూడ్చిన సబ్‌డివిజన్ రాష్ట్రంలో మాదొక్కటే. అప్రమత్తత అంటే ఇది" అని మా అటెండరుకు చెప్పి వెళ్ళిపోయారు.

ట్రాక్టర్లు వెళ్ళాక పల్లాలమ్మ నా దగ్గరికి వచ్చింది. "ఏం రాసేరు బాబూ?" అని అడిగింది. నా దగ్గర నకలు ఉంది. చదివి వినిపించాను.

"నేను చెప్పింది ఇది కాదు కదండీ."

"ఆఫీసు భాషలో అలాగే రాస్తారమ్మా" అన్నాను.

"అయితే మీ బాసలోనే మా చేను మునిగిపోయిందన్నమాట" అంది ఆవిడ. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

ఐదో రోజున ఎండ కాసింది. మధ్యాహ్నానికి మట్టం ఇరవై ఏడుకు పడిపోయిందని అటెండరు ఫోన్ చేశాడు. మా కేంద్రంలో అత్యవసర సమావేశం పెట్టారు. డైరెక్టరు గారు అంత ఆందోళనగా ఉండడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"ఆరేళ్ళ శ్రమ ఆవిరైపోతోంది" అన్నారు. "ఈ తగ్గుదల వెనక ఎవరున్నారు?"

విచారణ జరిగింది. గట్టులో ఎండ్రకాయల బొరియలు ఉన్నాయని, వాటి గుండా నీరు పోతోందని సౌమిత్రి చెప్పాడు. ఎండ్రకాయలను గుర్తించి తగు చర్య తీసుకోవడానికి ఒక ఉపసంఘం వేశారు. దానికి సభ్య కార్యదర్శి నేను. మిగతా నీరు ఎండకు పోతోందని తేలింది. ఎండ మీద ఉపసంఘం వేసే అధికారం మాకు లేదు కాబట్టి, పోయిన నీటిని మళ్ళీ నింపాలని తీర్మానించారు.

ఆ సాయంత్రం మొగలిపల్లంలోకి గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చింది. ఊరంతా ఎవరి కొంప అంటుకుందోనని బిందెలతో బయటికి వచ్చారు. ఫైరింజను తిన్నగా పల్లాలమ్మ చేను దగ్గరికి వెళ్ళి, గొట్టం విప్పి, మునిగి ఉన్న చేలోకి ధారగా నీరు పోసింది. జనం బిందెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మట్టం ముప్పై రెండుకు వచ్చేదాకా డైరెక్టరు గారు టేపు పట్టుకుని గట్టు మీదే ఉన్నారు.

"అయ్యగారూ, నీరు తీత్తామని వచ్చి నీరు పోత్తన్నారేటండీ?" అంది పల్లాలమ్మ.

"తీయాలంటే ఉండాలి కదమ్మా" అన్నారు డైరెక్టరు గారు చిన్నపిల్లకు చెప్పినంత ఓపికగా.

ఏడో రోజున ఆవిడ చేలో దిగి ఒక దుబ్బు లాగి చూసింది. అది సులువుగా ఊడి వచ్చింది. మొదలు నల్లబడింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కంపు కొట్టింది. దాన్ని కోడులోకి విసిరేసి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పూట మట్టం ముప్పై ఒకటి, సంతృప్తికరం, అని అటెండరు పుస్తకంలో రాశాడు.

పదకొండో రోజున పరీక్ష. పై నుంచి ప్రత్యేకాధికారి గారు వచ్చారు. గట్టు మీద షామియానా వేశారు. నిష్కాసినికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, క్రేనుతో పైకెత్తి చేలోకి దించారు. దించగానే అది పొట్టదాకా దిగబడింది. చెరువులో పడుకున్న గేదెలా కదలకుండా కూర్చుంది. ఊళ్ళోవాళ్ళు ఆ నిమిషం నుంచే దాన్ని గేదె అనడం మొదలుపెట్టారు. నేను పెట్టిన పేరు అక్కడితో సరి.

సౌమిత్రి రిమోటు నొక్కాడు. దాని తెర మీద ఎర్ర దీపం వెలిగింది. గేదె గొంతు విప్పింది.

"నీరు గుర్తించబడింది" అంది స్పష్టమైన తెలుగులో. జనం చప్పట్లు కొట్టారు. "యంత్ర భద్రత దృష్ట్యా, దయచేసి నీరు తొలగించి మళ్ళీ ప్రయత్నించండి."

చప్పట్లు ఆగిపోయాయి. సౌమిత్రి మళ్ళీ నొక్కాడు. గేదె మళ్ళీ అదే చెప్పింది. ఆ తరవాత ఎవరూ నొక్కకపోయినా నిమిషానికోసారి చెబుతూనే ఉంది.

"ఏమంటోంది?" అన్నారు ప్రత్యేకాధికారి గారు.

సౌమిత్రి రిమోటు కిందికి దించాడు. "మోటారుకు తడి తగిలితే కాలిపోతుంది సార్. అందుకని చుట్టూ నీరుంటే స్టార్టు కాకుండా భద్రత పెట్టాం సార్. గచ్చు మీద ఈ సమస్య రాలేదు సార్."

"అంటే నీరు తీస్తే గాని నీరు తీయదు."

"అంతే సార్."

ప్రత్యేకాధికారి గారు నవ్వుతారనుకున్నాను, లేదా తిడతారనుకున్నాను. "సహేతుకంగానే ఉంది. మరి తొలగించండి" అన్నారు.

పది జీపుల్లో నలభై మంది అధికారులం వచ్చాం. ఒకరి చేతిలో టేపు, ఒకరి చేతిలో కెమెరా, ఒకరి చేతిలో ఫైలు. నీరు తీసేది మాత్రం ఎవరి దగ్గరా లేదు. షామియానా చివర గుంజకు ఆనుకుని పల్లాలమ్మ నిలబడి ఉంది. ఆవిడ చేతిలో పార ఉంది.

డైరెక్టరు గారే ఆవిడ దగ్గరికి నడిచారు. "అమ్మా, కొంచెం..." అన్నారు.

"ఇప్పుడు గండి కొట్టొచ్చాండీ?"

ఆ మాటకు పక్కనే ఉన్న ఏకాంబరం గారు ఉలిక్కిపడ్డారు. డైరెక్టరు గారు గొంతు తగ్గించి, "గండి అనకమ్మా. ప్రారంభ ద్వారం అందాం" అన్నారు.

పల్లాలమ్మ ఇద్దరు ఆడవాళ్ళను సాయం పిలిచి, అడ్డం ఉన్న బస్తాలు లాగి పక్కన పడేసింది. పార ఎత్తి గట్టు మీద ఏడెనిమిది దెబ్బలు వేసింది. నీరు హోరుమని కోడులోకి దూకింది. మేము కుర్చీల్లో కూర్చుని కూల్‌డ్రింకులు తాగుతూ చూశాం. నీరు దిగేకొద్దీ కింద నేలకు అంటుకుపోయిన పైరు బయటపడింది. రెండెకరాలూ నల్లగా, బురదకు పరిచినట్టు ఉంది. కంపుకు ప్రత్యేకాధికారి గారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు గేదె తెర మీద పచ్చ దీపం వెలిగింది. "నీరు లేదు. నిష్కాసనం సంపూర్ణం. ధన్యవాదాలు."

షామియానా దద్దరిల్లేలా చప్పట్లు. ముప్పై సెంటీమీటర్ల ప్రామాణిక ముంపును ఇంత తక్కువ వ్యవధిలో, చుక్క ఇంధనం వాడకుండా తొలగించిన యంత్రాన్ని తాను మరో చోట చూడలేదని ప్రత్యేకాధికారి గారు ప్రసంగించారు. డైరెక్టరు గారికి శాలువా కప్పారు. పల్లాలమ్మ మోకాలి లోతు బురదలో నిలబడి, ఒక్కో దుబ్బూ లాగి చూసి వదిలేస్తోంది, ఎక్కడైనా ఒకటి బతికి ఉందేమోనని. ఎవరూ అటు చూడలేదు. నేను చూశాను. చూసి చప్పట్లు కొట్టాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అంతటితో అయిపోయేదే. సౌమిత్రి నిజాయితీ కొంప ముంచింది. నివేదికలో ‘ఉపయోగించిన పరికరములు’ అనే గడిలో అతను ‘నిష్కాసిని ఒకటి, పార ఒకటి’ అని రాశాడు. దాన్ని చదివిన పై ఆఫీసువాళ్ళు ఒక ప్రశ్న వేశారు. ఆ పార లేకుండా ఫలితం మళ్ళీ వస్తుందా? రాదని సౌమిత్రి జవాబిచ్చాడు. అలాగైతే ఆ పార యంత్రంలో విడదీయరాని భాగమని ఉత్తర్వు వచ్చింది. మర్నాడే జీపు వెళ్ళి పల్లాలమ్మ చేతిలోంచి పార తీసుకొచ్చింది. మా హాల్లో అద్దాల బీరువా చేయించి, అందులో నిలబెట్టి తాళం వేశారు. తాళం చెవి నాకిచ్చారు.

ఆ పార యంత్రం లేకుండా కూడా పని చేస్తుందేమోనని ఎవరో అనుమానించారు. పరీక్షిస్తే చేసింది. ఇది మరీ పెద్ద ఆవిష్కరణ అయింది. నా చేత దానికి ‘హస్తచాలిత నిష్కాసిని’ అని పేరు పెట్టించారు. సరిగ్గా అలాంటి పరికరాలే మొగలిపల్లంలో ఇంటింటా ఉన్నాయని, రైతులు ఎలాంటి శిక్షణా లేకుండా వాటిని వాడుతున్నారని తెలిసి డైరెక్టరు గారు నిర్ఘాంతపోయారు. ఊళ్ళోని పారలన్నిటినీ ప్రమాణీకరణ కోసం తెప్పించారు. పల్లాలమ్మది కాక నలభై మూడు వచ్చాయి. పిడికి చీటీ కట్టి, నంబరు వేసి స్టోరులో పేర్చాను. మూడు రోజుల శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకున్నవారికే వాటిని తిరిగి ఇస్తారని చాటింపు వేయించారు.

ఈలోగా పల్లాలమ్మ చుట్టాల ఊళ్ళు తిరిగి, వాళ్ళ నారుమళ్ళలో మిగిలిపోయిన ముదురు నారు మోపులు కట్టి తెచ్చుకుంది. చేలో దిగబడిన గేదెను కదిలించడానికి క్రేను రాలేదు కాబట్టి, దాని చుట్టూ వదిలేసి, తెంపిన గట్టును చేత్తోనే పూడ్చుకుని, మిగతా చేనంతా మళ్ళీ నాటింది. శిక్షణ తేదీ అడగడానికి మా ఆఫీసుకు వచ్చినప్పుడు, "ఇదీ పోతే ఈ సార్వా పంటకి మరి నాటు లేదండి. నారు లేదు, అదును లేదు. వానొచ్చేలోపు నా పార ఇప్పించండి బాబూ" అంది నాతో. నేను అర్జీ రాస్తానన్నాను. ఆవిడ వద్దంది.

శిక్షణ భాద్రపదంలో మొదలైంది. మా హాల్లో మొగలిపల్లం రైతులు నలభై నలుగురు పచ్చ టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. మొదటి పాఠం ‘పార: ఒక పరిచయం’. తెర మీద పార బొమ్మ వచ్చింది. పిడి దగ్గర ఒక బాణం గుర్తు, రేకు దగ్గర ఒక బాణం గుర్తు. పిడిని ఏ కోణంలో పట్టుకోవాలో సౌమిత్రి చెబుతున్నాడు గాని, ఎదురుగా కాయలు కాసిన అరచేతులు కనబడినప్పుడల్లా మళ్ళీ తెర వైపు తిరిగిపోతున్నాడు. పదకొండు గంటలకు మబ్బు కమ్మింది. పదకొండున్నరకు వాన అందుకుంది. రేకుల కప్పు మీద చప్పుడుకు పాఠం వినబడడం మానేసింది.

"సందేహాలు ఏమైనా ఉన్నాయా?" అని డైరెక్టరు గారు వేదిక మీద నుంచి అడిగారు.

ముందు వరసలో పల్లాలమ్మ లేచింది. "సందేహం కాదండి. వాన పడతందండి. మా పారలు ఇచ్చేత్తే ఎల్లిపోతామండి."

"ప్రాక్టికల్స్ మూడో రోజమ్మా. అప్పుడు ఇస్తాం."

"ప్రాక్టికల్స్ ఎక్కడండి?"

"నీ చేలోనే" అన్నారు డైరెక్టరు గారు, ఒక వరం ప్రకటించినట్టు. "ఇప్పటికే అక్కడ నీరు చేరుతోందని ఫోన్ వచ్చింది. మూడో రోజుకు మట్టం సరిపోతుంది."

"అప్పటిదాకా తియ్యకూడదాండీ?"

"తీయాలంటే ఉండాలి కదమ్మా."

పల్లాలమ్మ ఆయన వైపు ఇంక చూడలేదు. పక్కన నిలబడి హాజరు పట్టీ రాస్తున్న నా వైపు తిరిగింది.

"బాబూ, తాళాలు మీ దగ్గరే కదండీ?"

ఆ ప్రశ్నకు ఆఫీసు భాషలో నాకు చాలా జవాబులు తెలుసు. పరిశీలనలో ఉన్నదనవచ్చు, పై అధికారుల ఆదేశం రావలసి ఉన్నదనవచ్చు. ఇరవై ఏళ్ళుగా అలాంటివి వందల కొద్దీ తయారు చేసి ఇచ్చినవాణ్ణి. ఆ క్షణంలో మాత్రం, ఆవిడ నా బల్ల మీద వరి దుబ్బు పెట్టి, ఇయ్యాల తీసేత్తే బతికేద్దండి అన్న మాట ఒక్కటే చెవిలో ఉంది. హాజరు పట్టీ కింద పెట్టి, ముందు అద్దాల బీరువా తాళం తీశాను. తరవాత నడిచి వెళ్ళి స్టోరు తలుపులు బార్లా తెరిచాను.

నలభై ముగ్గురూ ఒకరినొకరు తోసుకోకుండా లోపలికి వెళ్ళారు. చీటీలు, నంబర్లు ఎవరూ చూడలేదు. పిడి పట్టుకుని చూసి ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. పల్లాలమ్మ తన పార భుజాన వేసుకుని అప్పటికే మెట్లు దిగింది. అందరూ వానలో, ఎర్రమట్టి దారి వెంబడి, పచ్చ టోపీలతో దిగువకు నడిచారు.

డైరెక్టరు గారు కిటికీ దగ్గర నిలబడి కోపంగా నన్నేదో అనబోయారు. అదే సమయానికి ఆయన ఫోను మోగింది. శిక్షణ ఎలా జరుగుతోందని ప్రత్యేకాధికారి గారు అడుగుతున్నారు. డైరెక్టరు గారు కిటికీలోంచి ఇంకోసారి చూశారు. నలభై నాలుగు పారలు బారులు తీరి పల్లానికి దిగుతున్నాయి.

"సాంకేతికత క్షేత్ర స్థాయికి చేరిందండి" అన్నారు. "కళ్ళారా చూస్తున్నాను."

ఆ ఏడాది మా కేంద్రానికి వచ్చిన ప్రశంసాపత్రం ఈ మాట మీదే వచ్చింది. పల్లాలమ్మ చేను ఆ సాయంత్రానికే బయటపడింది. ముదురు నారు కాబట్టి దుబ్బు కట్టడం తక్కువే గాని, పైరు నిలబడింది. గేదె ఇప్పటికీ ఆ చేలోనే ఉంది. వాన పడ్డప్పుడల్లా నీరు గుర్తించబడిందని చెబుతుందట. గట్టు ఎక్కడ తెంపాలో అది చెప్పకపోయినా ఆవిడకు తెలుసు.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. ‘కేంద్రం స్టోరునకు చెందిన హస్తచాలిత నిష్కాసినులు నలభై నాలుగు యథాస్థానమున కనబడుట లేదు. అవి ప్రస్తుతం ఏ స్థితిలో ఉన్నవో మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను.’ మూడు రోజులూ అక్కర్లేకపోయింది. విషయం అని గీత కొట్టలేదు. తెల్ల కాగితం తీసుకుని, నా ఉద్యోగంలో మొదటిసారి నాకొచ్చిన తెలుగులో ఒక ముక్క రాసి, కింద సంతకం పెట్టి పంపాను.

‘పారలు పనిలో ఉన్నాయి.’